కరెంటు పోయి వచ్చాక మీ సర్వర్ ఏం చేస్తుంది? నెట్‌వర్క్ మీద ఓఎస్ ఎక్కించే టూల్స్‌లో ఏది ఎవరికి

నెట్‌వర్క్ మీద సర్వర్లకి ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించడానికి ఏ ఓపెన్ సోర్స్ టూల్ తీసుకోమంటారు అని విజయవాడ, గుంటూరు వైపు ఎవరు అడిగినా నేను ముందు ఒక ప్రశ్న వేస్తాను. కరెంటు పోయి వచ్చాక మిషన్లన్నీ ఒకేసారి లేచి "ఇప్పుడు నేనేం చేయాలి" అని నెట్‌వర్క్‌ని అడిగితే, ఆ టూల్ ఏం చెప్తుంది?

ఈ ప్రశ్న నాకు గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఎదురైంది. 40 మిషన్లు. వేసవి సెలవుల్లో వాటన్నిటికీ లైనక్స్ ఎక్కించే సెటప్ చేసింది నేనే. మిషన్ లేవగానే మొదట నడిచే బయోస్ సెట్టింగుల్లో మొదటి బూట్ నెట్‌వర్క్ పెట్టాను. బూట్ మెనూ వచ్చాక పది సెకన్లు ఎవరూ ఏమీ నొక్కకపోతే ఇన్‌స్టలేషన్ మొదలవుతుంది. ఆ రోజు గంటన్నరలో పని అయిపోయింది. మెనూని మాత్రం అలాగే వదిలేసి, సర్వర్ కూడా ఆపకుండా వచ్చేశాను. బయోస్‌లో హార్డ్ డిస్క్‌ని మళ్లీ ముందుకి జరిపామనే అనుకున్నాం. చాలా మిషన్లలో జరపలేదు. నెలల తరబడి ఆ ల్యాబ్‌కి నా సర్వర్ ఉన్న స్విచ్‌తో కనెక్షన్ లేదు కాబట్టి ఏమీ కాలేదు.

ఫిబ్రవరిలో ఎవరో ల్యాబ్‌ని ఆ స్విచ్‌కి కలిపే కేబుల్ తిరిగి పెట్టారు. రెండు రోజులకి మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీలు అప్పటికే పనికిరాకుండా ఉన్నాయి. కరెంటు వచ్చాక పిల్లలు పవర్ బటన్లు నొక్కి, ఏదో అప్‌డేట్ అవుతోందనుకుని చూస్తూ కూర్చున్నారు. ల్యాబ్ ఇన్‌చార్జి మేడమ్ ఫోన్ చేసి, "సార్, మిషన్లు వాటంతటవే ఏదో ఇన్‌స్టాల్ చేసుకుంటున్నాయి, ఆపాలా వద్దా?" అన్నారు. "ప్లగ్గులు పీకేయండి మేడమ్, అన్నీ పీకేయండి" అన్నాను. అప్పటికే పార్టిషన్లు పోయాయి. సాయంత్రం నేను వెళ్లేసరికి మూడో వరుసలో ఒకమ్మాయి ఇంకా అక్కడే ఉంది. కొత్త లాగిన్ స్క్రీన్‌లో తన పాత పాస్‌వర్డ్ కొడుతోంది. తప్పని వస్తోంది. మళ్లీ కొడుతోంది. ఆమె ఫైనలియర్ ప్రాజెక్టు ఆ డిస్కులోనే ఉంది.

అప్పటి నుంచి ఏ టూల్ ముందుకి వచ్చినా నేను ఫీచర్ల పట్టిక చూడను. ఈ మిషన్‌కి పని అయిపోయింది అనే సంగతి ఆ టూల్ ఎక్కడ రాసుకుంటుంది, ఎప్పుడు రాసుకుంటుంది, రాసుకోలేకపోతే ఏం జరుగుతుంది అని చూస్తాను.

లోపల జరిగేది

ఏ టూల్ తీసుకున్నా అడుగున ఉండేది పీఎక్స్ఈ, అంటే మిషన్ తన డిస్క్ నుంచి కాకుండా నెట్‌వర్క్ నుంచి లేచే పద్ధతి. మనవాళ్లంతా పిక్సీ అనే అంటారు. ఇంటెల్ 1999లో ఇచ్చిన స్పెసిఫికేషనే ఇప్పటికీ ఆధారం. మిషన్ లేవగానే నెట్‌వర్క్ కార్డు, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వీసుని తన ఐపీ అడ్రస్ అడుగుతుంది. ఐపీతో పాటు "ఫలానా సర్వర్ దగ్గర ఫలానా ఫైల్ తెచ్చుకో" అనే మాట కూడా వస్తుంది. డీహెచ్‌సీపీ జవాబులో 66 (సర్వర్), 67 (ఫైల్) నంబర్ ఆప్షన్లు అవే. ఆ ఫైల్‌ని టీఎఫ్‌టీపీ అనే సాదా ఫైల్ పంపే పద్ధతి మీద తెచ్చుకుంటుంది, అది ఓఎస్ గుండెకాయ లాంటి కెర్నల్‌ని తెస్తుంది, కెర్నల్ ఇన్‌స్టాలర్‌ని లేపుతుంది. ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకి ముందే రాసిపెట్టిన జవాబుల ఫైల్ ఉంటుంది. లైనక్స్ రకాల్లో రెడ్ హ్యాట్, రాకీ, ఆల్మా వైపు దాన్ని కిక్‌స్టార్ట్ అంటారు, డెబియన్‌లో ప్రీసీడ్, ఉబుంటు సర్వర్‌లో 20.04 నుంచి ఆటోఇన్‌స్టాల్.

ఈ గొలుసులో గుర్తుపెట్టుకునే గుణం దేనికీ లేదు. డీహెచ్‌సీపీకి ఈ మిషన్ నిన్న కూడా వచ్చిందని తెలియదు. టీఎఫ్‌టీపీకి అంతకన్నా తెలియదు. ఆ జ్ఞాపకాన్ని పైన కూర్చునే టూల్ ఇవ్వాలి. టూల్‌కీ టూల్‌కీ అసలు తేడా ఇక్కడే ఉంది.

సొంతంగా కట్టుకోవడం

డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ రెండూ ఇచ్చే డీఎన్ఎస్‌మాస్క్, నెట్‌వర్క్ బూట్ నడిపే ఐపిక్సీ, ఒక చిన్న వెబ్ సర్వర్, ఒక కిక్‌స్టార్ట్ ఫైల్. ఇంతే. పది పదిహేను సర్వర్లు ఉండి, ఏడాదికి ఒకటి రెండు సార్లు మాత్రమే ఇన్‌స్టాల్ చేసే ఆఫీసుకి ఇది చాలు. గవర్నర్‌పేటలో ఉన్న చిన్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఆఫీసైనా, ఆటోనగర్‌లో ఈఆర్‌పీ నడుపుకునే వర్క్‌షాప్ అయినా ఇంతకు మించి అక్కర్లేదని నా అభిప్రాయం. ఆఫీసులో రౌటరే డీహెచ్‌సీపీ ఇస్తుంటే దాన్ని కదిలించకుండా డీఎన్ఎస్‌మాస్క్‌ని ప్రాక్సీ పద్ధతిలో పెట్టొచ్చు. ఐపీ రౌటరే ఇస్తుంది, బూట్ ఫైల్ సంగతి మాత్రం ఇది చెప్తుంది. అద్దె ఆఫీసుల్లో, ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల బాక్సు మన చేతిలో లేని చోట ఈ సౌకర్యం చాలా విలువైనది.

జ్ఞాపకం మాత్రం మీరే కట్టాలి. నేను కాలేజీలో చేయనిది అదే. ఇప్పుడు ఇలా చేస్తున్నాను. డిఫాల్ట్ జవాబు ఎప్పుడూ లోకల్ డిస్క్ నుంచి బూట్ అవ్వమనే. ఏ మిషన్‌కి ఇన్‌స్టాల్ చేయాలో దాని నెట్‌వర్క్ కార్డుకి ఉండే మ్యాక్ అడ్రస్ పేరుతో విడిగా ఒక ఫైల్ పెడతాను. పిక్సీలినక్స్ అనే బూట్ లోడర్ అయితే ఆ పేరు ముందు 01, తర్వాత మ్యాక్ అంకెలు, మధ్యలో అడ్డగీతలు ఉండాలి. కిక్‌స్టార్ట్ చివర్లో నడిచే స్క్రిప్ట్ సర్వర్‌ని పిలిచి ఆ ఫైల్‌ని తీసేయిస్తుంది. ఫైల్ లేకపోతే ఇన్‌స్టలేషన్ లేదు. ముప్పై లైన్ల పని. ఈ ముప్పై లైన్లు రాయడానికి ఓపిక లేనివాళ్లు సొంతంగా కట్టుకోకూడదు, కింది వాటిలో ఒకటి తీసుకోవాలి.

కాబ్లర్

సొంతంగా కట్టుకున్న దాన్నే పద్ధతిగా సర్దితే కాబ్లర్ అవుతుంది. 2006లో రెడ్ హ్యాట్‌లో మైకేల్ డెహాన్ మొదలుపెట్టాడు. సర్వర్లని కాన్ఫిగర్ చేసే ఆన్సిబుల్‌ని 2012లో తెచ్చింది కూడా ఆయనే. ఐఎస్ఓని (ఓఎస్ ఇన్‌స్టలేషన్ ఫైల్‌ని) ఇంపోర్ట్ చేస్తే డిస్ట్రో, దాని మీద ఎలా ఎక్కించాలో చెప్పే ప్రొఫైల్, ప్రొఫైల్ కింద ఒక్కో మిషన్‌కి ఒక్కో సిస్టమ్. ఈ మూడు మెట్లు అర్థమైతే ఒక మధ్యాహ్నంలో పని మొదలుపెట్టొచ్చు.

ఒక్కసారే పిక్సీ అనే సెట్టింగ్ ఇందులో ఉంది. ఇన్‌స్టలేషన్ పూర్తవగానే మిషన్ కాబ్లర్‌ని పిలుస్తుంది, ఆ సిస్టమ్‌కి నెట్‌బూట్ ఆగిపోతుంది. అది ఆన్‌లో ఉందో లేదో మొదటి రోజే సెట్టింగ్స్ ఫైల్ తెరిచి చూసుకోండి. మీరు సొంతంగా రాసిన కిక్‌స్టార్ట్ వాడుతుంటే ఆ పిలుపు ఇచ్చే ముక్క అందులో ఉందా లేదా అన్నది కూడా. సెట్టింగ్ ఆన్‌లో ఉండి ముక్క లేకపోతే ఫలితం సున్నా.

రాకీ, ఆల్మా లాంటివి ఎక్కువగా వాడుతూ 20 నుంచి 50 సర్వర్లున్న చోట కాబ్లర్ నాకు ఇష్టం. తేలిక, కమాండ్ లైన్ మీదే బతికేవాళ్లకి హాయి. హార్డ్‌వేర్ లెక్కలు, అనుమతులు, రిపోర్టులు కావాలంటే మాత్రం ఇది సరిపోదు.

ఫోర్‌మ్యాన్

2009 నుంచి ఉంది. రెడ్ హ్యాట్ అమ్మే సర్వర్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ శాటిలైట్ 6 లోపల ఉన్నది ఇదే, ప్యాకేజీల రిపాజిటరీలు చూసుకునే కటెల్లోతో కలిపి. ఇన్‌స్టలేషన్ దీని పనుల్లో ఒకటి మాత్రమే. ఆన్సిబుల్, పప్పెట్‌లతో కలిసి తర్వాతి కాన్ఫిగరేషన్ కూడా చూసుకుంటుంది. స్మార్ట్ ప్రాక్సీ అనే చిన్న సర్వీసులు డీహెచ్‌సీపీ, డీఎన్ఎస్, టీఎఫ్‌టీపీలని దాని మాట వినేలా చేస్తాయి. విజయవాడలో ఆఫీసు, గన్నవరంలో ఇంకో ఫ్లోర్, మంగళగిరి డేటా సెంటర్‌లో రెండు ర్యాకులు ఉన్న సంస్థ అనుకోండి. ఒక్కో చోట ఒక్కో స్మార్ట్ ప్రాక్సీ పెట్టి ఒకే స్క్రీన్ నుంచి చూసుకోవచ్చు.

కరెంటు ప్రశ్నకి దీని జవాబు బాగుంటుంది, కానీ ఒక మెలిక ఉంది. హోస్ట్‌ని బిల్డ్ మోడ్‌లో పెడితేనే ఇన్‌స్టలేషన్ జరుగుతుంది. పూర్తయ్యాక మిషన్ తిరిగి పిలిచి "కట్టడం అయిపోయింది" అని చెప్పాలి, అప్పుడు లోకల్ బూట్‌కి మారుతుంది. ఆ పిలుపు చేరలేదనుకోండి. డీఎన్ఎస్‌లో పేరు తేలలేదు, లేదా ఫైర్‌వాల్ ఆపేసింది. ఫోర్‌మ్యాన్ లెక్కలో ఆ హోస్ట్ ఇంకా బిల్డ్‌లోనే ఉంటుంది. బయోస్‌లో డిస్క్ ముందుంటే ఎవరికీ తెలియదు, సర్వర్ మామూలుగా పనిచేస్తూనే ఉంటుంది. రెండేళ్లకి మదర్‌బోర్డు మీద బటన్ బ్యాటరీ అయిపోతుంది, కరెంటు పోయినప్పుడు బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి, నెట్‌వర్క్ ముందుకి రావచ్చు. అప్పుడు ఏమవుతుందో మీరే ఊహించండి. ఇన్‌స్టలేషన్‌కి అనుమతిచ్చే టోకెన్‌కి డిఫాల్ట్‌గా 360 నిమిషాల గడువు ఉంది, అది కొంత కాపాడుతుంది. అయినా సోమవారం ఉదయం బిల్డ్ మోడ్‌లో మిగిలిన హోస్టుల లిస్టు తీసి, అది ఖాళీగా ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోండి. నేను చూస్తాను.

బరువు గురించి ఒక మాట. కటెల్లో కూడా వేస్తే దానికే 20 జీబీ ర్యామ్ అడుగుతారు. ప్యాకేజీల లోకల్ రిపాజిటరీ అవసరం లేనప్పుడు కటెల్లో జోలికి పోకండి.

మాస్

ఉబుంటు చేసే కెనానికల్ కంపెనీ వాళ్లది. 2012లో వచ్చింది, ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్. నా చేతికి బాగా అలవాటైంది ఇదే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

మాస్‌కి ప్రతి మిషన్‌కీ ఒక స్థితి ఉంటుంది. కొత్తది, కమిషనింగ్ (హార్డ్‌వేర్ వివరాలు తీసుకుని పరీక్షించడం), రెడీ, ఎవరికో కేటాయించినది, డిప్లాయ్ అయినది. మిగతావి ఇన్‌స్టలేషన్ అవగానే చాలావరకు మర్చిపోతాయి, ఇది మిషన్ జీవితమంతా పట్టిక ఉంచుకుంటుంది. డిప్లాయ్ అయిన మిషన్ కరెంటు పోయి వచ్చి పిక్సీ అడిగితే, "నీ డిస్క్ నుంచే లేవు" అని చెప్తుంది. ఎవరో మర్చిపోయిన స్క్రిప్ట్ మీద ఆధారపడదు. నా ప్రశ్నకి అందరికన్నా గట్టి జవాబు ఇదే.

ఓఎస్‌ని ఒక్కో ప్యాకేజీగా కాకుండా ఇమేజ్‌గా, అంటే ముందే తయారైన పూర్తి కాపీగా, డిస్కు మీద పరుస్తుంది. అందుకే వేగం. టెస్టింగ్ టీమ్‌కి పొద్దున పది సర్వర్లు ఇచ్చి సాయంత్రం వెనక్కి తీసుకుని రేపు వేరే టీమ్‌కి ఇచ్చే చోట దీనికి పోటీ తక్కువ. సర్వర్ వెనక్కి తీసుకునేటప్పుడు డిస్కు చెరపమని మీరు చెప్పాలి, డిఫాల్ట్‌గా చెరపదు. క్లయింట్ డేటా ఉన్న డిస్కులైతే ఆ టిక్ మర్చిపోవద్దు.

ఇబ్బందులు చెప్తాను. మాస్ తన వీల్యాన్‌లో (స్విచ్‌లో విడిగా కట్టిన నెట్‌వర్క్ ముక్కలో) డీహెచ్‌సీపీ తన చేతిలోనే ఉండాలని కోరుకుంటుంది. ఆఫీసు లాన్‌లోనే దాన్ని పెడితే రౌటర్‌కీ దానికీ గొడవ. పైగా తెలియని మిషన్ ఏది పిక్సీలో వచ్చినా దాని వివరాలు తీసుకుని, నమోదు చేసుకుని, ఆపేస్తుంది. డిస్కు ముట్టుకోదు. కానీ రిసెప్షన్‌లో ఉన్న డెస్క్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోతే ఆ అమ్మాయి ఎంత కంగారు పడుతుంది? దీనికి వేరే వీల్యాన్ తప్పనిసరి. ఇంకోటి, రిమోట్‌గా పవర్ ఆన్ ఆఫ్ చేయడానికి ఐపీఎంఐ లేదా రెడ్‌ఫిష్ అనే కంట్రోల్ పద్ధతి ఉన్న అసలైన సర్వర్లుంటేనే దీని అందం. అసెంబుల్డ్ మిషన్లకి మాన్యువల్ అని పెట్టి మనిషి వెళ్లి బటన్ నొక్కాల్సి వస్తే సగం లాభం పోయినట్టే. ఉబుంటు కాకుండా వేరేవి కూడా ఎక్కిస్తుంది, కానీ రెడ్ హ్యాట్, విండోస్ లాంటి వాటికి ఇమేజ్ మనమే తయారు చేసుకోవాలి. మీ దగ్గర అంతా రాకీనే అయితే ఈ శ్రమ ఎందుకు, కాబ్లర్ తీసుకోండి.

ఐరోనిక్, టింకర్‌బెల్

వీటిని త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇక్కడ నన్ను అడిగేవాళ్లలో వీటి అవసరం ఉన్నవాళ్లు చాలా తక్కువ. ఐరోనిక్, సొంత క్లౌడ్ కట్టుకునే సాఫ్ట్‌వేర్ అయిన ఓపెన్‌స్టాక్ నుంచి వచ్చింది. బైఫ్రాస్ట్ అనే ఆన్సిబుల్ ప్లేబుక్స్‌తో ఓపెన్‌స్టాక్ లేకుండా కూడా నడపొచ్చు. కుబెర్నెటిస్ నుంచి సర్వర్లని నడిపే మెటల్‌క్యూబ్డ్ లోపల పనిచేసేది కూడా ఇదే. టింకర్‌బెల్‌ని ప్యాకెట్ అనే కంపెనీ 2020లో ఓపెన్ సోర్స్ చేసింది. అది నడవాలంటే, కంటైనర్లని నడిపించే కుబెర్నెటిస్ అనే వ్యవస్థ ఉండాలి. కుబెర్నెటిస్‌ని రోజూ నడిపే మనుషులు మీ దగ్గర ముందే ఉంటే రెండూ మంచివి. ఇన్‌స్టలేషన్ కోసం కుబెర్నెటిస్ నేర్చుకుందాం అనుకుంటే వద్దు.

కరెంటు ప్రశ్నకి టింకర్‌బెల్‌లో సమాధానం స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతి హార్డ్‌వేర్ రికార్డులో పిక్సీకి అనుమతి ఉందా లేదా అని ఒక గుర్తు ఉంటుంది. పని అయ్యాక దాన్ని లేదు అని మార్చాలి. ఐరోనిక్‌లో ఇంకో జాగ్రత్త ఉంది. మిషన్‌ని అందుబాటులోకి తెచ్చేటప్పుడు డిస్కులు శుభ్రం చేయడం దానికి డిఫాల్ట్ అలవాటు. ఇప్పటికే నడుస్తున్న సర్వర్లని అందులో చేర్చాలంటే అడాప్ట్ అనే వేరే దారి ఉంది, దాన్నే పట్టుకోవాలి.

కాలేజీ ల్యాబులు

ల్యాబుకి పైవేవీ కాదు, ఫాగ్ తీసుకోండి. ఒక మిషన్‌ని కావాల్సినట్టు సిద్ధం చేసి, దాని ఇమేజ్ తీసి, మిగతా వాటికి మల్టీకాస్ట్‌లో ఒకేసారి పంపుతుంది. విండోస్ కూడా. మల్టీకాస్ట్ కాబట్టి 40 మిషన్లకి 40 సార్లు డేటా పోదు. టాస్క్ పెట్టని మిషన్ వస్తే మెనూ చూపించి హార్డ్ డిస్క్‌కి వదిలేస్తుంది. ఆ కాలేజీలో నా సెటప్ తీసేసి పెట్టింది ఇదే. ఆ మిషన్లు ఇప్పటికీ నెట్‌వర్క్ బూట్‌లోనే లేస్తాయి, ఇబ్బంది లేదు.

పరిశోధన క్లస్టర్లకి వేర్‌వుల్ఫ్ ఉంది. అది ఓఎస్‌ని ర్యామ్‌లోనే నడిపించగలదు. అలాంటి చోట డిస్కు పోతుందనే భయం లేదు, కానీ కరెంటు వచ్చాక వేర్‌వుల్ఫ్ సర్వరే ముందు లేవాలి, లేకపోతే క్లస్టర్‌లో ఏ మిషనూ లేవదు.

ఏ టూల్ అయినా తప్పని పనులు

మొదటి రోజు మీకు ఎక్కువగా కనపడేది టూల్ తప్పు కాదు, స్విచ్ తప్పు. నెట్‌వర్క్‌లో లూపులు పడకుండా చూసే స్పానింగ్ ట్రీ ఆన్‌లో ఉన్న మేనేజ్డ్ స్విచ్‌లో పోర్టు తెరుచుకోవడానికి దాదాపు 30 సెకన్లు పడుతుంది. ఈలోపు మిషన్ డీహెచ్‌సీపీని అడిగి, జవాబు రాక, ముందుకి వెళ్లిపోతుంది. సర్వర్ పోర్టులకి పోర్టు వెంటనే తెరిచే పోర్ట్‌ఫాస్ట్ సెట్టింగ్ పెట్టండి. స్క్రీన్ మీద పిక్సీ ఎర్రర్ కోడ్ ఈ51 (E51) అని వస్తే డీహెచ్‌సీపీ అసలు పలకలేదు. ఈ53 వస్తే ఐపీ వచ్చింది కానీ బూట్ ఫైల్ పేరు రాలేదు, ఆప్షన్ 67 చూడండి. ఈ32 వస్తే టీఎఫ్‌టీపీ తెరుచుకోలేదు, ఎక్కువసార్లు ఫైర్‌వాల్‌లో యూడీపీ 69. పాత మిషన్లు బయోస్‌లో, కొత్తవి బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐలో ఉంటే రెండిటికీ వేర్వేరు బూట్ ఫైళ్లు ఇవ్వాలి. డీహెచ్‌సీపీలో మిషన్ రకం చెప్పే ఆప్షన్ 93 చూసి తేల్చుకునేలా రాయాలి.

లైన్ గురించి కూడా లెక్క వేసుకోండి. ఒక్కో మిషన్ 2 జీబీ తెచ్చుకుంటే 20 మిషన్లకి 40 జీబీ. ఆఫీసు 100 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ మీద అది గంట దగ్గరికి పోతుంది, ఆ గంటసేపు ఆఫీసులో ఇంకెవరికీ నెట్ ఉండదు. లోపలి గిగాబిట్ లాన్ మీద అయితే ఆరు నిమిషాల లోపు లెక్క. కాబట్టి ప్యాకేజీల కాపీ ఆఫీసులోనే ఉంచే లోకల్ మిర్రర్ పెట్టండి. కెర్నల్ వరకే టీఎఫ్‌టీపీ, పెద్ద ఫైళ్లు హెచ్‌టీటీపీ మీద. టీఎఫ్‌టీపీ మామూలుగా 512 బైట్ల ముక్కలు పంపి, ఒక్కోదానికీ అందిందన్న మాట కోసం ఆగుతుంది. ఉబుంటు ఆటోఇన్‌స్టాల్‌లో ఐఎస్ఓ మొత్తం ర్యామ్‌లోకి వస్తుంది కాబట్టి 4 జీబీ ఉన్న పాత మిషన్ అక్కడే ఆగిపోవచ్చు.

జవాబుల ఫైళ్లు ఎక్కడ పెడుతున్నారు అన్నది ఇంకో సంగతి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు, ఆఫీసులు మునిగినప్పుడు నాకు తెలిసిన ఒక ఆఫీసులో కింది అంతస్తులో ఉన్న ర్యాకు నడుము దాకా నీళ్లలో ఉంది. డేటా బ్యాకప్ బయట ఉంది, అది వచ్చింది. ఇన్‌స్టలేషన్ సర్వర్ మాత్రం ఆ ర్యాకులోనే అడుగున ఉంది. కొత్త సర్వర్లు వచ్చాక ఏ పార్టిషన్ ఎంత, ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ అని ఫోన్లలో పాత ఫొటోలు, వాట్సాప్ మెసేజులు వెతుక్కుంటూ పెన్‌డ్రైవ్‌తో ఒక్కొక్కటీ చేశాం. తొమ్మిది రోజులు పట్టింది. కిక్‌స్టార్ట్, ఆటోఇన్‌స్టాల్ ఫైళ్లు, కాబ్లర్ లేదా ఫోర్‌మ్యాన్ డేటాబేస్ బ్యాకప్, మాస్ అయితే దాని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డంప్, ఇవి వేరే ఊళ్లో ఉండాలి. అన్నీ కలిపినా కొన్ని ఎంబీలే ఉంటాయి, గిట్‌లో పెడితే చాలు. పాస్‌వర్డులు మాత్రం అందులో పెట్టకండి.

ఖరారు చేసుకునే ముందు ఒక శనివారం తీసుకోండి. మూడు పాత డెస్క్‌టాపులు, ఒక విడి స్విచ్, ఆఫీసు లాన్‌తో సంబంధం లేకుండా. మూడిటికీ ఇన్‌స్టాల్ చేసి, ఒక్కో డిస్కులో మీ పేరుతో ఒక ఫైల్ పెట్టండి. బయోస్‌లో నెట్‌వర్క్ మొదట ఉంచండి. స్విచ్ బోర్డు దగ్గర మెయిన్ ఆపి, నిమిషం తర్వాత వేయండి. ఫైళ్లు ఉన్నాయో లేదో చూడండి. తర్వాత ఒక మిషన్‌కి ఇన్‌స్టలేషన్ నడుస్తుండగా చివరి నిమిషంలో దాని నెట్‌వర్క్ కేబుల్ పీకి, అది రీబూట్ అయ్యాక పెట్టండి. టూల్ స్క్రీన్‌లో ఆ మిషన్ ఏ స్థితిలో ఉందని చూపిస్తోందో కాగితం మీద రాసుకోండి. అది మిషన్ అసలు పరిస్థితితో సరిపోలకపోతే, మీ దగ్గర డేటా ఉన్న సర్వర్లని ఆ టూల్‌కి అప్పుడే కలపకండి.